బూట్ల అడుగున మట్టి

చిరంజీవి బంగారుతల్లికి పెదనాన్న దీవించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఆరు వారాల పాటు ఫ్రాన్సు, నెదర్లాండ్స్, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లోని పశువైద్య కళాశాలల్లో చదువుకుని రావడానికి నువ్వు ఎంపికయ్యావని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు నేను దొడ్లో గేదెకు కుడితి పెడుతున్నాను. బకెట్టు అక్కడే వదిలేసి మీ పెద్దమ్మకు చెప్పడానికి ఇంట్లోకి పరుగెత్తాను. ఆ సంతోషం సాయంత్రం దాకా అలాగే ఉంది. రాత్రి పడుకున్నాక భయం మొదలయింది, ఆ భయమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

వీసా, 30,000 యూరోల వైద్య బీమా, చలికోటు వంటివి నువ్వే చూసుకోగలవు. మీ అమ్మ పెట్టె సర్దేటప్పుడు మాత్రం దగ్గరుండి నెయ్యి, పాలకోవా, కోడిపచ్చడి పెట్టనివ్వకు. బయటి దేశాల నుంచి వచ్చేవారు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు సామానులో తేకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. ఆవకాయ, కందిపొడి చాలు. అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది గాని, ఆ నిబంధన పశువుల రోగాల భయంతో పుట్టినది కాబట్టి దాన్ని అందరికంటే ముందు పాటించవలసింది పశువైద్యులే.

ఫ్రాన్సులోని లియోన్‌లో నువ్వు అడుగు పెట్టేది ప్రపంచంలోని మొట్టమొదటి పశువైద్య కళాశాల. రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగంతో మందలకు మందలు చచ్చిపోతున్న కాలంలో, 1761లో, క్లోద్ బూర్జెలా దానికి అనుమతి తెచ్చుకున్నాడు. పారిస్ పక్కన ఆల్ఫోర్ కళాశాల మ్యూజియంలో, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఫ్రాగొనార్ రెండు వందల యాభై ఏళ్ల క్రితం చర్మం తీసి నిలబెట్టిన గుర్రాన్ని, దాని మీది రౌతును తప్పక చూడు. నాకు ఆ భాగ్యం కలగలేదు.

పారిస్‌లోనే ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఉంది. దాని పుట్టుకలో మన దేశానికీ పాత్ర ఉన్నది. 1920లో ఇక్కడి నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న మూపురపు పశువులు బెల్జియంలోని యాంట్‌వర్ప్ రేవులో దిగినప్పుడు, వాటితోపాటు రిండర్‌పెస్ట్ కూడా దిగింది. ఆ దెబ్బకు 28 దేశాలు కూడి 1924లో ఆ సంస్థను స్థాపించుకున్నాయి. మన దేశంలో ఆ రోగం చివరిసారి కనబడింది 1995లో, ప్రపంచంలోనే లేదని ప్రకటించింది 2011లో. ఐస్ ముక్కల ఫ్లాస్కు సైకిలుకు తగిలించుకుని ఊరూరా తిరిగి ఆ టీకాలు వేసినవాళ్లలో మీ పెదనాన్న ఒకడు. ఆ చేతులతోనే ఒక తప్పు కూడా చేశాను, అది నీకు చెప్పాలి.

1996లో నన్ను పాడి పశువుల శిక్షణకు నెదర్లాండ్స్ పంపారు. విదేశానికి చెప్పులతో వెళితే బాగుండదని మీ తాతయ్య ధాన్యం అమ్మిన డబ్బుతో తోలు బూట్లు కొనిచ్చారు. కొత్త బూట్లు కాలికి అలవాటు కావాలని వాటినే వేసుకుని విధులకు వెళ్లాను. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఒక ఊళ్లో గాలికుంటు వచ్చింది. నోటి నుంచి చొంగ కారుతూ, గిట్టల మధ్య పుండ్లతో నిలబడలేని ఎద్దులకు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కాళ్లు కడిగి వచ్చాను. బూట్లను పైపైన గుడ్డతో తుడిచాను.

అక్కడ రెండో రోజునే మమ్మల్ని ఒక పాడి రైతు దగ్గరకు తీసుకువెళ్లారు. గుమ్మంలో ఒక పుస్తకం పెట్టి, ఈ మధ్య వేరే దేశంలో పశువులను తాకారా అని అడిగారు. తాకానంటే నన్నొక్కణ్ణి బయట నిలబెట్టి మిగతావారిని లోపలికి పంపుతారని భయపడి, లేదని రాశాను. లోపల అరవై హోల్‌స్టీన్ ఆవులు ఉన్నాయి. ఒక దూడ వచ్చి నా బూట్లు నాకింది. ఆ రోజు అది ముద్దుగానే అనిపించింది.

రాత్రి గదిలో బూట్లు విప్పి తిరగేస్తే, మడమ సందులో మన ఊరి నల్లమట్టి గట్టిపడి ఉంది. యూరప్‌లో గాలికుంటుకు ఏటా వేసే టీకాలు 1990ల మొదట్లోనే ఆపేశారు, అంటే ఆ అరవై ఆవులకు రక్షణ లేదు. మన ఎండల్లో తొందరగా చచ్చే క్రిమి అక్కడి చలిలో, తడిలో రోజుల తరబడి బతుకుతుంది. ఇవన్నీ నాకు పాఠంగా తెలిసినవే. తెల్లవారేదాకా కూర్చుని, ఉదయం మా శిక్షకుడి దగ్గర నిజం చెప్పాను. ఆయన ఒక్క మాట అనకుండా ఆ రైతుకు ఫోన్ చేశాడు. రెండు వారాల పాటు ఆ ఇంటి నుంచి ఒక్క దూడ బయటికి పోలేదు. పశువైద్యుడు రోజూ వచ్చి అరవై నోళ్లు తెరిచి చూశాడు. నేను ప్రతి సాయంత్రం శిక్షకుడి తలుపు దగ్గర నిలబడి కబురు అడిగేవాణ్ణి. ఏమీ రాలేదు తల్లీ. పదిహేనో రోజున ఆ రైతే నన్ను మళ్లీ పిలిపించి, తన రబ్బరు బూట్లు నా ముందు పెట్టి, రమ్మని చెయ్యి ఊపాడు.

మీ తాతయ్య కొనిచ్చిన బూట్లను అక్కడే కాల్పించాను. ఇంటికొచ్చాక ఆయన అడిగితే రైల్లో పోయాయన్నాను. ఆయన పోయేదాకా నిజం చెప్పలేదు. 2001లో నెదర్లాండ్స్‌కు ఆ వ్యాధి వచ్చి రెండున్నర లక్షలకు పైగా పశువులను చంపేశారని చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఇది పాత సంగతి అనుకోకు. 1988 తరువాత లేదనుకున్న జర్మనీలో 2025 జనవరిలో బెర్లిన్ దగ్గర ఒక మందలో మళ్లీ బయటపడింది. అవి గేదెలు. అందుకని ఏ దొడ్డికి వెళ్లినా వాళ్లిచ్చిన బూట్లు, వాళ్లిచ్చిన బట్టలే వేసుకో. బూట్లను ముందు బ్రష్‌తో, సబ్బునీళ్లతో పేడ ఆనవాలు లేకుండా కడిగి ఆ తరువాతే మందునీళ్లలో ముంచు, ఎందుకంటే పేడ అంటుకుని ఉంటే ఆ మందు పనిచేయదు. పుస్తకంలో అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయి. బయట నిలబెడితే నిలబడు. చిన్నప్పుడు పందెంలో ఓడిపోతానని ఆట మధ్యలో బొమ్మలు దాచేదానివి, ఆ బుద్ధి ఎక్కడైనా మిగిలి ఉంటే ఇక్కడే వదిలి వెళ్లు. ఈ మాట కఠినంగా ఉంటే క్షమించు. నీలో నన్ను చూసుకుంటున్నాను గనుక ఇంత భయం.

మన గేదె నీ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఈనేలా ఉంది. దాని ప్రతి ఈతకూ పక్కనున్నావు గాని, ఈసారి దొడ్లోకి రావద్దు, మన ఊరికే రావద్దు. ఆ వారంలో నీ చదువుకు సంబంధించినదైనా సరే, ఏ పశువునూ తాకకు. నేను తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని విజయవాడ స్టేషన్‌కు వస్తాను. దూడ పెయ్యో దున్నో అక్కడ చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న