ఈశాన్యం వానలకు ముందు అమ్మణ్ణికి

చిత్తూరు,
శ్రావణ బహుళం.

చి. సౌ. అమ్మణ్ణికి మామయ్య ఆశీస్సులు.

గృహప్రవేశం రోజు అంతమంది మధ్య చెప్పలేకపోయిన మాటలు కొన్ని ఉండిపోయాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి, అందుకని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఇల్లు బాగుంది. తిరుచానూరు దారిలో అంత గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు దొరకడం మీ అదృష్టం. అయితే అది ఇరవై ఏళ్ళ కట్టడం. అమ్మేముందు వేయించిన రంగు చూసి గోడ కొత్తదనుకోవద్దు.

నువ్వు పెళ్ళయినప్పటి నుంచి హైదరాబాదులో ఉండొచ్చావు. అక్కడ జూన్‌లో వానలు మొదలవుతాయి కాబట్టి మే నెలలో మిద్దె చూసుకుంటారు. యూట్యూబులో చెప్పేవాళ్ళ లెక్క కూడా అదే. మన తిరుపతికి ఆ లెక్క సరిపోదు. నైరుతిలో మనకు సాయంత్రం పూట ఉరుముల వాన పడుతుంది, మర్నాటి ఎండకు గోడ ఆరిపోతుంది. ఇంటికి అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు తెరిపి ఉండదు, గాలితో కలిసి జల్లు అడ్డంగా కొడుతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను, 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన, 2023 డిసెంబరులో మిచాంగ్, అన్నీ ఆ మూడు నెలల్లో వచ్చినవే. అందుకే మన వైపు ఇంటిని ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి. వినాయక చవితి అయిన వారంలో ఒకసారి, వానకు సిద్ధం కావడానికి. శివరాత్రి తర్వాత మరోసారి, వాన ఏం చేసిపోయిందో చూసి బాగుచేయించడానికి. సిమెంటు పనులు, పూతలు, రంగులు శివరాత్రికీ ఉగాదికీ మధ్య పెట్టుకో. అప్పటికి గోడలు ఆరి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఇప్పుడు ముఖ్యంగా చేయాల్సింది నీళ్ళకు దారి చేయడం.

మిద్దె మీద నుంచి మొదలుపెట్టు. పాత ఇంటివాళ్ళు వదిలేసిపోయిన విరిగిన కుర్చీలు, గడ్డకట్టిన సిమెంటు మూటలు, ఎండిన పూలకుండీలు పైన పడి ఉన్నాయి, నేను చూశాను. అన్నీ దించేయించు. వాటి అడుగున చెమ్మ ఆరదు, వాటి చెత్తే కొట్టుకుపోయి తూముకు అడ్డం పడుతుంది. శుభ్రంగా ఊడ్పించాక పొద్దున్నే పైపుతో నాలుగు మూలలా నీళ్ళు పట్టించి, గంట తర్వాత చూడు. ఎక్కడ నీళ్ళు నిలిచాయో అక్కడ సుద్దముక్కతో చుట్టూ గీత గియ్యి. స్లాబు కారడం మొదలయ్యేది ఎక్కువగా ఆ గీతల లోపలి నుంచే.

తూముల సంగతి కాస్త లెక్కతో చెబుతాను, లేకపోతే దాని బరువు నీకు తెలియదు. మీ మిద్దె వెయ్యి చదరపు అడుగులకు పైనే. దాని మీద నాలుగంగుళాల వాన పడితే 9,000 లీటర్లు దాటుతాయి. అంటే తొమ్మిది టన్నులు. తూము మూసుకుపోతే ఆ బరువంతా పిట్టగోడల మధ్య స్లాబు మీదే నిలుస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరున పడే వానలో నాలుగంగుళాల గొట్టం ఒకటి ఇంచుమించు 40 చదరపు మీటర్ల మిద్దె నీళ్ళనే దించగలదు. మీకున్నవి రెండే గొట్టాలు, మిద్దె 90 చదరపు మీటర్లకు పైన. మూడోది పెట్టించాల్సిందే. దాన్ని శివరాత్రి పనుల్లో చేర్చుకో. ఈలోగా పిట్టగోడకు తూము మట్టం కంటే రెండు మూడంగుళాల ఎత్తున ఒక రంధ్రం కొట్టించి చిన్న గొట్టం బయటికి పెట్టించు. తూము పూడినా నీళ్ళు అక్కడి నుంచి దూకుతాయి. కింద నీళ్ళు పడటం చూడగానే తూము పూడిందని నీకూ తెలుస్తుంది. తూము మీద చదునైన జాలీ ఉంటే తీసేయించి, బోర్లించిన గిన్నె ఆకారంలో ఉండేది పెట్టించు. మీ పక్కింటి వేపచెట్టు ఆకులు ఒక గుప్పెడు చాలు, చదును జాలీని మూసేయడానికి.

వాస్తు ప్రకారం మిద్దె వాలు ఈశాన్యానికి పెడతారు. సంపు, బోరు కూడా ఈశాన్యంలోనే తవ్వుతారు. మీ ఇంట్లోనూ అంతే ఉంది, దాన్ని తప్పనను. కానీ మిద్దె నీళ్ళన్నీ వచ్చిపడే మూలలోనే మీ తాగే నీళ్ళు ఉన్నాయన్న సంగతి మనసులో పెట్టుకో. సంపు మూత నేలకు సమానంగా ఉంది. దాని చుట్టూ కనీసం ఆరంగుళాల గట్టు కట్టించు, మూత అంచు గట్టిగా కూర్చోవాలి. గొట్టం కొస సంపు వైపు కాకుండా బయటికి తిప్పించు, లేదా కాస్త దూరంలో ఇంకుడు గుంత తవ్వించి అందులోకి వదిలించు.

సంపు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021 నవంబరు వానల తర్వాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో ఉన్న సిమెంటు రింగుల తొట్టి, శుభ్రం చేస్తుండగా, ఉన్నట్టుండి పైకి లేచి నిలబడింది. అది చూడటానికి ఊరంతా వెళ్ళింది, చాలామంది మహిమ అనుకున్నారు. నేల నిండా నీరు ఊరినప్పుడు ఆ నీరు తొట్టిని అడుగు నుంచి పైకి తోస్తుంది. తొట్టి నిండుగా ఉంటే లోపలి నీటి బరువు దాన్ని అదిమి ఉంచుతుంది. ఖాళీ చేస్తే ఆ బరువు పోతుంది, తొట్టి తేలుతుంది. అందుకని కార్తీకంలో వానలు ఆగాయి కదా అని సంపు తోడించి కడిగించవద్దు. సెప్టిక్ ట్యాంకు తోడించడం కూడా అంతే. ఆ రెండు పనులూ ఎండాకాలంలో, బోర్లలో నీళ్ళు దిగిపోయినప్పుడు చేయించు.

తర్వాత గోడలు. అన్ని గోడలకూ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. ఈశాన్యం జల్లు ఎక్కువగా కొట్టేది తూర్పు, ఉత్తరం గోడలకే. ఆ రెండింటినీ నిదానంగా చూడు, పడమర దక్షిణాలు ఒకసారి కళ్ళతో పరికిస్తే సరిపోతుంది. కిటికీ పైన సజ్జ గోడలో కలిసే చోట సన్నని సందు ఉందా? సజ్జ అడుగున, బయటి అంచు వెంబడి ఒక గాడి ఉండాలి. అది ఉంటే నీటి చుక్క అక్కడే రాలిపడుతుంది, లేకపోతే సజ్జ అడుగునే పాకి గోడలోకి వస్తుంది. పాత ఇళ్ళలో రంగు మీద రంగు పడి ఆ గాడి పూడిపోయి ఉంటుంది, గీకిస్తే చాలు. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య సందుల్లో సిలికాన్ పెట్టించు. ఆ పని ఎండగా ఉన్న రోజు ఇప్పుడైనా చేసుకోవచ్చు.

పగుళ్ళను చూసి భయపడకు, అలాగని అన్నింటినీ ఒకే రకంగా చూడకు. ప్లాస్టరు మీద వెంట్రుకలాగా అల్లుకున్నవి రంగు వేసేటప్పుడు పోతాయి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా ఉన్నది రెండు వస్తువులూ ఎండకు వేరువేరుగా సాగడం వల్ల వచ్చింది. అక్కడ గీకి, జాలీ కట్టి మళ్ళీ ప్లాస్టరు చేయించాలి. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా పోయే పగులు కూడా చాలావరకు మన ఎండల పుణ్యమే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా కిందికో పైకో పోయేది, మెట్లు మెట్లుగా ఇటుకల వరసల వెంట నడిచేది, దానితోపాటు తలుపులు పట్టుకుపోవడం ఉంటే, పునాది కదులుతోందని అనుమానించాలి. చెరువు కింది మడి నేలల్లో వేసిన లేఔట్లలో ఇది ఎక్కువ. జిగురు మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అలాంటి పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వెయ్యి. వెడల్పు దగ్గర స్కేలు పెట్టి ఫోటో తీసుకో. దీపావళికి ఒకటి, సంక్రాంతికి ఒకటి తియ్యి. గీత దాటి పెరిగినా, మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటి తెరుచుకున్నా మేస్త్రిని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. మేస్త్రులంటే నాకు గౌరవం, కట్టడాల దగ్గర వాళ్ళతోనే నా ఉద్యోగమంతా గడిచింది. కానీ పగులును పూడ్చడం వాళ్ళ పని, అది ఎందుకు వచ్చిందో తేల్చడం వేరే చదువు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ వెనకవైపు బాల్కనీ. దాని అడుగున ఎర్రటి తుప్పు మరక ఒకటి ఉంది. కొత్త రంగు కిందనుంచి కూడా కనిపిస్తోంది. లోపలి కమ్మీ తుప్పు పడితే రెండింతలు, అంతకు మించి కూడా ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొట్టి బయటికి తోస్తుంది. కర్రతో మెల్లగా తట్టి విను. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా కాంక్రీటు కమ్మీని వదిలేసిందని అర్థం. పిల్లలను దాని కింద ఆడుకోనివ్వకు. దాని మీద సిమెంటు పూసి మూసేస్తామంటే ఒప్పుకోవద్దు, లోపల తుప్పు ఆగదు. డొల్ల అంతా కొట్టేసి, కమ్మీని తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో కట్టాలి. కమ్మీ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త కమ్మీ వేయాలా వద్దా అన్నది ఇంజనీరు చెప్పాలి. ఈ పని శివరాత్రి దాకా ఆగేది కాదు. చవితి తర్వాత వచ్చే మొదటి ఎండ రోజుల్లోనే మొదలుపెట్టించు.

పిట్టగోడ పగుళ్ళలో, గొట్టం వంపుల దగ్గర రావి మొలకలు రెండు మూడు ఉన్నాయి. కాకులు, గోరింకలు తెచ్చిపడేసినవే. రావిని పీకడానికి మీ అమ్మలాగే నీకూ మనసొప్పదని తెలుసు. మొలకగా ఉన్నప్పుడే వేరు తెగకుండా తీసి కుండీలో పెట్టి, ఏదైనా గుడి దగ్గర నాటించు. చెట్టుకూ మంచిది, గోడకూ మంచిది. వేళ్ళు గోడలోకి దిగాక లాగితే ఇటుకలే ఊడివస్తాయి.

కింద ఇంటి చుట్టూ తిరిగేటప్పుడు గోడ మొదట్లో మట్టి గొట్టాల్లాంటి చెద దారులు కనిపిస్తాయేమో చూడు. వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు దీపం దగ్గరికి బయటినుంచి వస్తే ఫరవాలేదు, గోడలోంచో గుమ్మంలోంచో వస్తే పుట్ట ఇంట్లోనే ఉన్నట్టు. మీ వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేస్తూ వచ్చారు. ఇప్పుడు మీ గేటు కంటే రోడ్డే ఎత్తు. గేటు దగ్గర వాహనం ఎక్కేంత వాలుతో చిన్న గట్టు కట్టించు. మురుగు గొట్టం బయట కలిసే ఛాంబరులో, నీళ్ళు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించు. వీధి కాలువ పొంగినప్పుడు మురుగు ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా బాత్రూము జాలీ నుంచే. ప్రహరీ గోడకు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు లేకపోతే వెంటనే పెట్టించు. గోడ ఒరిగిందేమోనన్న అనుమానం ఉంటే పైనుంచి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది.

మిద్దె మీది రేకుల షెడ్డు బోల్టులు, సోలార్ హీటరు కాళ్ళు, డిష్ గొట్టం, ఏసీ స్టాండు అన్నీ చేత్తో పట్టుకుని ఊపి చూడమని అల్లుడుగారికి చెప్పు. తుపాను గాలికి ఎగిరిన రేకు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. సర్వీసు వైరు పిట్టగోడను తాకుతూ ఉంది. దాన్ని మీరు ముట్టుకోవద్దు, 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి. లోపలి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఉందో లేదో కనుక్కో. ఉంటే దాని టెస్ట్ బటను నొక్కి చూడు, వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే మార్పించు.

ఇవన్నీ అయ్యాక, అక్టోబరులో మొదటి గట్టి వాన పడినప్పుడు, ఉరుములు లేకపోతే, గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరుగు. పొడి రోజున ఎంత వెతికినా దొరకని సంగతులు ఆ పావుగంటలో కనిపిస్తాయి. నీళ్ళు ఏ గొట్టం పక్కనుంచి కారుతున్నాయి, ఏ గోడను ఆనుకుని నిలుస్తున్నాయి, గేటు వైపు పోతున్నాయా లోపలికి వస్తున్నాయా అన్నీ ఫోన్లో తీసి పెట్టుకో. శివరాత్రి తర్వాత మేస్త్రికి చూపించాల్సింది ఆ ఫోటోలే.

వాటర్‌ప్రూఫ్ పూత ఇప్పుడే వేసేస్తామని ఎవరైనా తలుపు కొడితే, పాలిథిన్ కాగితం ఒక గజం ముక్కను మిద్దె మీద పరిచి, దాని నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు ఉంచు. కాగితం అడుగున చెమ్మ పట్టిందంటే స్లాబులో ఇంకా తడి ఉంది. ఆ తడి మీద ఎంత ఖరీదైన పూత వేసినా బుడగలు లేచి ఊడుతుంది. సంక్రాంతికి బయటి గోడలకు రంగు వేయించాలని మీ అత్తగారు అంటారు, పండుగ కదా. ఆవిడకు నచ్చజెప్పు. మూడు నెలలు తడిసిన గోడకు జనవరిలో రంగు వేస్తే వేసవికి ఉప్పు పొంగి పెచ్చులు రాలుతుంది. భోగికి గుమ్మం, గేటు, ముందు వరండా వరకు వేయించుకోండి. మిగతాది మార్చిలో.

పాత ఇంటివాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు కదా, వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇంటి ప్లాను, సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, భూమిలో గొట్టాలు ఎటు పోతున్నాయో అడిగి ఒక కాగితం మీద గీయించుకో. మనుషులు ఊరు మారితే ఆ వివరాలు మళ్ళీ దొరకవు. బాల్కనీ పనికి ఇంజనీరు వచ్చే రోజు ముందుగా చెప్పు, చిత్తూరులో పొద్దున బస్సు ఎక్కితే పదింటికల్లా మీ ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య