చూడమని చెప్పే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఈ మధ్య చూసిన సినిమాలన్నింటినీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కదానికి నాలుగైదు వాక్యాలు రాసి, చివర ‘తప్పక చూడండి’ అనో ‘ఒకసారి చూడవచ్చు’ అనో తీర్పు చెప్పావు. మొన్న మొన్న విడుదలైన వాటి నడుమ 1974 నాటి ‘ది కాన్వర్సేషన్’కూ, 1983 నాటి ‘వార్‌గేమ్స్’కూ, 1995 నాటి ‘ది నెట్’కూ చోటివ్వడం నాకు చాలా సంతోషం కలిగించింది. నీ వయసువాళ్లు పాత సాంకేతిక థ్రిల్లర్లను వెతుక్కుని చూడడమే అరుదు, చూసినదాని గురించి తెలుగులో రాయడం ఇంకా అరుదు. అయితే కొత్త సినిమాల గురించి ధైర్యంగా మాట్లాడిన నువ్వు పాత వాటి దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడ్డావు. మొదటిదాన్ని ‘ఆ రోజుల్లో గొప్ప సినిమా, ఇప్పుడు కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది’ అన్నావు. రెండోదాన్ని ‘అందులోని కంప్యూటర్లను చూస్తే నవ్వొస్తుంది, కాలక్షేపానికి పనికొస్తుంది’ అన్నావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రెండు వాక్యాల గురించే.

‘ఆ రోజుల్లో గొప్ప’ అన్న మాట మర్యాదగా కనిపిస్తుంది గానీ పాఠకుడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. గొప్పతనం ఎక్కడుందో అది చెప్పదు, ఇప్పుడు కూర్చుని చూడాలో వద్దో కూడా చెప్పదు. సాంకేతిక థ్రిల్లర్ల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ కథల్లో అన్నిటికంటే ముందు పాతబడేది యంత్రమే, తెరమీద అన్నిటికంటే ముందు కంటబడేదీ యంత్రమే. చక్రాలు తిరిగే టేపు రికార్డరు, టెలిఫోన్ రిసీవరును బోర్లించి పెట్టే మోడెమ్, ఫ్లాపీ డిస్కు కనిపించగానే మనం ఆ సినిమాను మ్యూజియంలో పెట్టేస్తాం. కానీ ఆ యంత్రం చేతికి వచ్చాక కథలోని మనిషి దేనికి భయపడుతున్నాడో, అలాంటి సినిమాకు అదే ప్రాణం. ఆ భయం ఏమిటో ముందు నువ్వు కనిపెట్టాలి, దాన్ని నీ మాటల్లో చెప్పాలి, అది ఏ సన్నివేశంలో దొరుకుతుందో పాఠకుడికి చూపించాలి.

‘ది కాన్వర్సేషన్’నే తీసుకో. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ఆ సినిమాను శాన్ ఫ్రాన్సిస్కోలోని యూనియన్ స్క్వేర్‌లో, మధ్యాహ్నపు జనసందోహం మీద మొదలుపెడతాడు. ఎంతో ఎత్తు నుంచి చూస్తున్న కెమెరా నెమ్మదిగా ఆ జనానికి దగ్గరవుతుంది. ఒక యువతీ ఒక యువకుడూ ఆ చతురస్రంలో గుండ్రంగా నడుస్తూ మాట్లాడుకుంటూ ఉంటారు. భవనాల పైనుంచి పొడవాటి మైకులు వాళ్ల మీద గురిపెట్టి ఉంటాయి, చేతిసంచీ పట్టుకున్న మనిషి ఒకడు వాళ్ల వెనకే తిరుగుతుంటాడు. ఆ తరువాత జీన్ హ్యాక్‌మన్ పోషించిన హ్యారీ కాల్, డబ్బు తీసుకుని ఇతరుల మాటలు రహస్యంగా రికార్డు చేసే నిపుణుడు, ఆ టేపులను తన గోదాములోకి తెచ్చుకుని, రికార్డర్లను జతకలిపి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ కూర్చుంటాడు. వీధి వాయిద్యాల మోత కింద ఒక వాక్యం అణగిపోయి ఉంది. తాను తయారుచేసుకున్న చిన్న పెట్టెను తగిలించి, మీటలు సవరిస్తూ, ఆ మోతను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోతాడు. చివరికి ఆ వాక్యం బయటపడుతుంది. వాళ్లేం మాట్లాడుకుంటే నాకెందుకు, నాకు కావలసింది మంచి రికార్డింగు మాత్రమేనని అంతకుముందు సహాయకుడితో చెప్పిన మనిషి ఆ వాక్యం విన్నాక ఇక ఆ మాట అనలేడు. ఆ క్షణం నుంచి అతను తన పనికి తానే బాధ్యుడవుతాడు, సినిమా అంతా ఆ బాధ్యత బరువే.

ఈ హ్యారీ ఇంటిని కూడా గమనించు. తలుపుకు ఒకటికి మించి తాళాలు. పుట్టినరోజు కానుకగా ఇంటి యజమానురాలు లోపల ఒక సీసా పెట్టి వెళితే సంతోషించాల్సింది పోయి, నా గదిలోకి ఎలా వచ్చావని ఆమెకు ఫోన్ చేసి నిలదీస్తాడు. ఊరందరి మాటలూ వినగలిగినవాడు తన మాట ఒక్కటి కూడా ఎవరికీ వినపడకూడదనుకుంటాడు. టేపు రికార్డరు పోయి సెల్‌ఫోన్ వచ్చినంత మాత్రాన ఆ భయం పాతబడుతుందా? వ్యాసంలో నువ్వు రాయవలసింది ఇది.

సినిమా నెమ్మదిగా ఉందన్న మాట తప్పని నేను అనను. అది నెమ్మదైన సినిమానే, ఆ సంగతి పాఠకుడికి చెప్పి తీరాలి. అయితే ఎందుకు నెమ్మదో కూడా చెప్పు. అదే సంభాషణను సినిమా మనకు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, ప్రతిసారీ మనకు తెలిసింది కాస్త పెరిగి ఉంటుంది గనుక అవే మాటలు వేరుగా తోస్తాయి. ఆ శబ్దాన్ని కూర్చినవాడు వాల్టర్ మర్చ్. ఫోన్ స్పీకరులో వింటే అతని పనంతా మంటగలుస్తుంది కాబట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాత్రిపూట చూడమని ఒక వాక్యం రాస్తే, పొగడ్తల పేరా మొత్తం కంటే పాఠకుడికి అదే ఎక్కువ మేలు చేస్తుంది.

‘వార్‌గేమ్స్’ విషయంలో నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. ఫోన్ తీగ మీదుగా కంప్యూటర్లను కలిపే మోడెమ్ గురించీ, దానితో ఆట అనుకుని సైన్యపు కంప్యూటరులోకి వెళ్లిన కుర్రాడి గురించీ రాశావు గానీ మొదటి సన్నివేశం గురించి ఒక్క మాట రాయలేదు. భూగర్భంలోని క్షిపణి కేంద్రంలో ఇద్దరు అధికారులు ఉంటారు. ప్రయోగించమని ఆదేశం వస్తుంది. ఇద్దరూ ఒకేసారి తాళంచెవులు తిప్పాలి. వారిలో పెద్దవాడు తాళంచెవి పట్టుకుని ఆగిపోతాడు, ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడితే తప్ప తిప్పనంటాడు. రెండోవాడు తుపాకీ గురిపెట్టినా అతని చెయ్యి కదలదు. అది కేవలం పరీక్ష అని మనకు తరువాత తెలుస్తుంది. అలా ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మనుషులను తప్పించి నిర్ణయాన్ని కంప్యూటరుకు అప్పగిద్దామని పై అధికారులు తీర్మానిస్తారు. జాన్ బాడమ్ తీసిన ఈ సినిమాలోని ప్రమాదమంతా అక్కడ పుట్టింది. కుర్రాడు డేవిడ్ ఆ తరువాత తెలియక తట్టిన తలుపు ఎప్పుడో తెరిచే ఉంది.

ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1979 నవంబరు 9న అమెరికా, కెనడాల ఉమ్మడి వాయురక్షణ సంస్థ నోరాడ్‌లో, శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం అసలు హెచ్చరిక వ్యవస్థలోకి చొరబడి, సోవియట్ క్షిపణులు వస్తున్నాయన్నట్టు చూపించింది. సినిమా 1983 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా క్షిపణులు బయలుదేరాయని హెచ్చరిస్తే, విధుల్లో ఉన్న స్తనిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి అది పొరపాటు సంకేతమని తేల్చుకుని, పై వాళ్లకు అలాగే చెప్పాడు. అతని అంచనా నిజమైంది. తెరమీద ఆ అధికారి చెయ్యి ఆగిన కొన్ని నెలలకే, ఒక మనిషి నిజంగా ఆగాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, తెరమీది కంప్యూటర్లను చూసి నవ్వుదామని కూర్చున్న పాఠకుడు కూడా నిటారుగా కూర్చుంటాడు.

ఇంకో సంగతి. అప్పటి అమెరికా అధ్యక్షుడు రోనల్డ్ రీగన్ ఆ జూన్‌లోనే తన విడిది క్యాంప్ డేవిడ్‌లో ఈ సినిమా చూసి, ఇలాంటిది నిజంగా జరగగలదా అని సైన్యాధిపతుల సంఘానికి అధ్యక్షుడైన జనరల్ జాన్ వెస్సీని అడిగాడు. విచారించి వచ్చిన వెస్సీ, మీరు అనుకున్నదానికంటే పరిస్థితి దారుణంగా ఉందన్నాడు. 1984 సెప్టెంబరులో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతపై జాతీయ స్థాయి ఆదేశం వెలువడింది. ఇలాంటి నిజాలు వ్యాసానికి బలం ఇస్తాయి, అయితే వాటిని సన్నివేశానికి ఆనించి రాయాలి, విడిగా పోగుపోసి రాయకూడదు. ఈ కథ చెప్పదలిస్తే, బడి కార్యాలయంలో డేవిడ్ చూసిన కాగితం దగ్గర చెప్పు. బల్లకు ఉన్న పలకను లాగితే ఒక చీటీ, దానిమీద కొట్టేసిన మాటలు వరుసగా, చివర కొట్టేయని మాట ఒక్కటి: పెన్సిల్. అది బడి కంప్యూటరు పాస్‌వర్డ్. మన కార్యాలయాల్లో మానిటరుకు అతికించిన చీటీలు చూసిన పాఠకుడికి, వెస్సీ జవాబు అమెరికా సంగతిగా మాత్రమే అనిపించదు.

‘ది నెట్’ గురించి నువ్వు రాసిన దాంట్లో పొగడ్త ఎక్కువైంది. సగం గడిచాక అది మామూలు వెంటాడే కథ అవుతుంది, విలన్ల తెలివితేటలు దర్శకుడికి అవసరమైనప్పుడు పెరిగి, అవసరం లేనప్పుడు తరుగుతాయి. ఆ మాట నిర్మొహమాటంగా రాయి. కానీ అందులో ఒక గట్టి ఆలోచన ఉంది, దాన్ని వదలకు. సాండ్రా బుల్లక్ పాత్ర ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంది, భోజనం కూడా కంప్యూటరులోనే తెప్పించుకుంటుంది, ఇరుగుపొరుగుకు ఆమె ముఖం తెలియదు. తల్లికి అల్జీమర్స్. కాబట్టి రికార్డుల్లో ఆమె పేరు మారిన రోజున, ఈమె ఫలానా అని సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. కన్నతల్లే గుర్తుపట్టలేని మనిషిని యంత్రం కూడా గుర్తుపట్టనంటే ఆమె ఎక్కడికి వెళ్లాలి? రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక ఖాళీ సంచీతో వెనుదిరిగిన ముసలివాళ్లను చూసిన మన పాఠకుడికి ఈ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు. వాళ్లను గుర్తుపట్టేవాళ్లు ఊరంతా ఉన్నా యంత్రం ఒప్పుకోదు, ఆ విధంగా మన కథ ఇంకొక మెట్టు ముందుకు వెళ్లింది.

నీ జాబితాలో లేని ‘స్నీకర్స్’ కూడా చూడు. ‘వార్‌గేమ్స్’ రాసిన లారెన్స్ లాస్కర్, వాల్టర్ పార్క్స్ ఇద్దరూ 1992లో వచ్చిన ఆ సినిమా రచనలోనూ ఉన్నారు. కారు డిక్కీలో పడేసి తీసుకెళ్లినప్పుడు విన్న చప్పుళ్లను రాబర్ట్ రెడ్‌ఫర్డ్ గుర్తుచేసుకుంటుంటే, చూపులేని సహచరుడు వాటిని బట్టి దారి పోల్చే సన్నివేశం నాకు ఎంతో ఇష్టం. చీకటి కథలు భరించలేమనేవాళ్లకు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఆ సినిమానే.

సిఫారసు ఎవరికి చేస్తున్నావో తేల్చుకోకుండా రాయకు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. భోజనానికి పిలిచేవాడు వచ్చేవాళ్లు ఏం తింటారో కనుక్కున్నట్టు, చూడమని చెప్పేవాడు కూడా పాఠకుడి అలవాటు తెలుసుకోవాలి. ‘ది కాన్వర్సేషన్’ను అందరికీ చెప్పకు. ఒంటరి మనిషి కథను ఓపికగా చూడగలిగినవాళ్లకు చెప్పు, మిగతావాళ్లకు ముందు ‘ఎనిమీ ఆఫ్ ద స్టేట్’ చూపించు. 1998 నాటి ఆ వేగమైన సినిమాలో అదే హ్యాక్‌మన్ నిఘా నిపుణుడిగా మళ్లీ కనిపిస్తాడు, అది నచ్చినవాళ్లు వెనక్కి రావడానికి దారి ఏర్పడుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో ఇబ్బందిపడేవాళ్లకు 2018లో విశాల్ నటించగా తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘అభిమన్యుడు’ ఉంది. బ్యాంకు ఖాతాలోని అప్పు సొమ్ము మాయమైన సైనికాధికారి కథ అది. దానిలో ఉపన్యాసాలు ఎక్కువే, అయినా ఓటీపీ మోసాల కాలంలో దాని మొదటి సగం చాలామందికి నేరుగా తగులుతుంది. పాత యంత్రాలను చూసి నవ్వే పాఠకుడికి ‘ఆదిత్య 369’ గుర్తుచెయ్యి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు చూపించిన కాలయంత్రానికి మనం ఈనాటికీ వంకపెట్టం, అది ఎక్కడికి తీసుకెళ్తుందా అని చూస్తాం. అదే ఔదార్యం డేవిడ్ మోడెమ్ మీద కూడా చూపమని అడగవచ్చు.

కథ ఎంతవరకు చెప్పాలని అడిగావు. థ్రిల్లర్‌లో భయం ఏర్పడేదాకా చెప్పు, అది తేలే చోటు చెప్పకు. హ్యారీ విన్న వాక్యం ఏమిటో నీ వ్యాసంలో ఉండనక్కరలేదు, ఆ వాక్యం కోసం అతను పడ్డ పాటు ఉంటే చాలు. సినిమా పాతది కదా, అందరికీ ముగింపు తెలిసే ఉంటుందని అనుకోకు. నీ వ్యాసం చదివి మొదటిసారి చూడబోయే కుర్రవాడికి అది నిన్న విడుదలైన సినిమాయే.

సంవత్సరాలు, పేర్లు రాసేటప్పుడు విన్నమాట మీద ఆధారపడకు. ‘ది కాన్వర్సేషన్’ వాటర్‌గేట్ టేపుల కుంభకోణం చూసి తీసిందని నువ్వు రాశావు. సినిమా 1974 ఏప్రిల్‌లో వచ్చింది, ఆ కుంభకోణంలో చిక్కుకున్న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆగస్టులో రాజీనామా చేశాడు కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. ఆ కథ ఆలోచన కొప్పోలాకు 1960లలోనే ఉంది. నిజం తెలిశాక ఆ వాక్యానికి విలువ పెరుగుతుందే గానీ తగ్గదు, ఎందుకంటే కుంభకోణం బయటపడకముందే ఒక దర్శకుడు ఆ కాలపు గుబులును పసిగట్టాడని రాయగలుగుతావు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. కొత్త సినిమాల భాగం అలాగే ఉంచు, అది బాగుంది. ‘ది కాన్వర్సేషన్’ భాగం కొట్టేసి, గోదాము సన్నివేశంతో మొదలుపెట్టి తిరగరాయి. ‘వార్‌గేమ్స్’ను ఈ వ్యాసం నుంచి తీసేసి, క్షిపణి కేంద్రంలో ఆగిన ఆ అధికారి మీదే విడిగా ఒక వ్యాసం రాయి. దానికి తగినంత విషయం ఉంది, నలుగురిలో ఒకడిగా ఇరికించడం అన్యాయం. ‘ది నెట్’కు ఒక్క పేరా చాలు. రాయడం పూర్తయ్యాక రెండూ కలిపి పంపు, పత్రికకు ఇచ్చే ముందు నేను చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి