అత్యాచారం జరిగాక ముందు పోలీస్ స్టేషన్‌కా, ఆసుపత్రికా?

ముందు ఆసుపత్రికే వెళ్లండి. ఎఫ్ఐఆర్ లేదని వైద్యం ఆపకూడదు. ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చూడాల్సిందే. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా మాత్ర కూడా అప్పుడే అడగండి.

ఎక్కువగా పొరపాటు జరిగేది బట్టల దగ్గర. ఉతక్కండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తడి నిలిచి, బూజు పట్టి ఆనవాళ్లు చెడిపోతాయి. నీడన ఆరనిచ్చి ఒక్కో బట్టనూ విడిగా కాగితం సంచిలో పెట్టండి. స్నానం చేసేశారా? ఫర్వాలేదు, అయినా వెళ్లండి. ఆనవాళ్ల కోసం చేసే వైద్య పరీక్షకు ఒప్పుకోవడం, మానడం బాధితురాలి ఇష్టం. వద్దన్నా వైద్యం ఆగదు.

మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు. కౌన్సెలింగ్, న్యాయసాయం, పోలీసు సాయం, 5 రోజుల వరకు బస అక్కడే దొరుకుతాయి. స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్) రాయమనండి, రాయాల్సిందే.