ఒంటరిగా ఉజ్బెకిస్తాన్ వెళ్తున్న మేనకోడలికి

మారేడుపల్లి, సికింద్రాబాదు

చిరంజీవి చిట్టికి మీ మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఒక్కదానివే తాష్కెంట్, సమర్కండ్ తిరిగి వస్తానన్నావని మీ నాన్న ఫోను చేశాడు. పోలీసులు ఆపితే ఎలా అని వాడి బెంగ. ఎవరైనా ఇంటికి పిలిస్తే వెళ్ళవద్దని చెప్పక్కా అని ఇంకో బెంగ. తమ్ముడు ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తున్నాడు. అక్కడ అవి ఒకే ముడిలో ఉంటాయి.

ఆ ముడి పేరు రిజిస్ట్రేషన్. విదేశీయులు దేశంలో అడుగుపెట్టిన మూడు రోజుల్లోగా తాము ఉంటున్న చోటు నమోదు కావాలి. హోటలైతే ఆ పని హోటలువాళ్ళే చేస్తారు. ఖాళీ చేసేటప్పుడు ఆ నమోదు చీటీ అడిగి తీసుకుని పాస్‌పోర్టులో పెట్టుకో. రాత్రి రైల్లో గడిస్తే ఆ రాత్రికి చీటీ ఉండదు, కాబట్టి రైలు టికెట్ పారేయకు. ఎవరి ఇంట్లోనైనా బస చేస్తే నమోదు బాధ్యత ఆ ఇంటివారిది. చేయకపోతే జరిమానా నీ ఒక్కదానితో పోదు, అన్నం పెట్టినవాళ్ళ మెడకూ చుట్టుకుంటుంది. అందుకే పిలిస్తే వెళ్ళు, కడుపునిండా తిను, పడక మాత్రం హోటల్లో పెట్టుకో. ఉండమని మరీ బలవంతం చేస్తే, 'రిజిస్ట్రేషన్ చేయిస్తారా?' అని నవ్వుతూ అడుగు. అది మర్యాద తప్పడం కాదు, వాళ్ళ మేలు కోరడమే.

పిలుపులు మాత్రం తప్పకుండా వస్తాయి. రైల్లో ఎదురు సీటు అమ్మమ్మ తన మూట విప్పి నీ చేతిలో రొట్టె పెడుతుంది. అక్కడ రొట్టెను 'నాన్' అంటారు. దాన్ని బోర్లా పెట్టకూడదు, కత్తితో కోయకుండా చేత్తో తుంచాలి. టీ చిన్న గిన్నెల్లో సగానికే పోస్తారు, పిసినారితనం అనుకోకు. మళ్ళీ మళ్ళీ పోయడానికే అలా పోస్తారు. గిన్నె అంచుదాకా నింపారంటే ఇక లేవమని సూచన అంటారు. డబ్బు చేతిలో పెట్టి అవమానించకు. ఇక్కడి నుంచి ఉస్మానియా బిస్కెట్లు నాలుగు పెట్టెలు పట్టుకెళ్ళు. హైదరాబాదు ఎక్కడ అని అడిగితే, మొదటి నిజాం తాత మీ సమర్కండ్ వైపు నుంచే వచ్చి 1687లో గోల్కొండ ముట్టడిలో చనిపోయాడని చెప్పు. ఆ తర్వాత నిన్ను లేవనివ్వరు.

ఇక పోలీసులు. మెట్రో గుమ్మం దగ్గర సంచులు చూస్తారు, అది మామూలే. 2018 దాకా తాష్కెంట్ మెట్రోలో ఫోటోలు నిషేధం, ఇప్పుడు తీసుకోవచ్చు. సరిహద్దు చౌకీలు, సైనిక కట్టడాల జోలికి మాత్రం కెమెరా పోనివ్వకు. నన్ను ఒక స్టేషన్‌లో ఒక కుర్ర పోలీసు ఆపి, ఒక రాత్రి చీటీ లేదేమని చాలాసేపు నిలదీశాడు. రైలు టికెట్ చూపించాను. ఈలోగా పక్కన సమోసాలు అమ్మే పెద్దావిడ వచ్చి అతణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి, మా ఇద్దరికీ టీ పోసింది! చీవాట్లకన్నా టికెట్టే పనిచేసిందని నా నమ్మకం.

మామూలు దుస్తుల్లో ఎవరైనా వచ్చి పోలీసునని చెబితే గుర్తింపు కార్డు చూపమను, పర్సు తీసి ఇవ్వకు. హోటలుకో పోలీస్ స్టేషన్‌కో వెళ్దామను. దొంగవాడైతే అక్కడే జారుకుంటాడు. రోడ్డు మీద జరిమానా కట్టమంటే రసీదు అడుగు. గొంతు పెంచకు. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకు, దుబాసీ కావాలని అడుగు. స్టేషన్‌లో ఉంచేస్తే 'భారత రాయబార కార్యాలయానికి తెలియజేయండి' అని స్పష్టంగా కోరు. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం అది నీ హక్కు, కానీ నువ్వు అడగాలి. రాయబార కార్యాలయంవాళ్ళు వచ్చి కలుస్తారు, న్యాయవాదిని కుదుర్చుకోవడానికి సాయపడతారు. అంతేగాని తాళం తీసి బయటికి పంపించలేరు. ఆ ఫోను నంబరు కాగితం మీద కూడా రాసుకో, ఫోను వాళ్ళ చేతిలో ఉండవచ్చు.

మందుల సంగతి అందరూ మరిచిపోతారు. ట్రమడాల్, కోడీన్, డయాజిపామ్ ఉన్నవి అక్కడ కఠిన నియంత్రణలో ఉంటాయి. మన మెడికల్ షాపులో దొరికింది కదా అని పట్టుకెళ్తే విమానాశ్రయంలోనే చిక్కుకుంటావు. ఆదివారం నీ మందుల పెట్టె పట్టుకుని ఇంటికి రా, ఒక్కొక్క పట్టీ మీద పేరు నేనే చదువుతాను.

మీ మేనత్త