పాత ఇనుప పైపుకు రాగి పైపు కలిపిన చోట తుప్పు: సమాధానం

వంటగది వైపు పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు తీసి రాగివి వేయించాక, రెండూ కలిసే జాయింటు దగ్గర తుప్పు పట్టి నీరు కారుతోందని రాశారు. మీ ప్లంబరు బిగింపులో లోపం ఉందని నేను అనుకోను. రాగి, జింకు పూత ఉన్న ఇనుము నీటిలో నేరుగా తాకినప్పుడు ఆ జాయింటు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో నష్టపోయేది ఎప్పుడూ ఇనుమే. కనుక టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా లాభం లేదు. రెండు లోహాలను విడదీసే రబ్బరు వాషరు, ప్లాస్టిక్ స్లీవు గల, పైపులను కలిపే డైఎలెక్ట్రిక్ యూనియన్‌ను అక్కడ వేయించండి.

అంతకన్నా ముఖ్యంగా నీరు పారే దిశ చూడండి. రాగి ముందు, ఇనుము తర్వాత వస్తే, నీటిలో కరిగిన రాగి దిగువనున్న జింకు పూతపై పేరుకుని, జాయింటుకు దూరంగా కూడా పైపుకు గుంటలు పెడుతుంది; దాన్ని ఏ యూనియనూ ఆపలేదు. మీ ఇంట్లో అదే పరిస్థితి అయితే, దిగువనున్న ఇనుమంతా మార్చడమే మేలు.

కొత్త అతుకులకు సీసం లేని టంకమే వాడమనండి. పైపులో చుక్క నీరు మిగిలినా అతుకు తగినంత వేడెక్కదు. టంకపు తీగను మంటకు కాకుండా, వేడెక్కిన ఫిట్టింగు అంచుకు తాకిస్తే అది కరిగి సందులోకి తనంతట తానే పీల్చుకుపోవాలి. నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 6.5 కంటే తక్కువైతే రాగి కూడా క్రమంగా కరుగుతుంది, కాబట్టి ముందే పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో ఇనుప పైపునే కరెంటు ఎర్తింగుకు వాడి ఉండవచ్చు. దాన్ని కోసే ముందు ఎలక్ట్రీషియన్‌కు తప్పక చూపించండి.