జేజి పటానికి నీళ్లు తగలనివ్వొద్దు

అమ్మడూ,

పెద్దనాయన ఆశీస్సులు. కావలి ఇంటికి సున్నాలు వేయిస్తూ హాల్లోని మా జేజి, అదే మా నాయనమ్మ, ఆయిల్ పెయింటింగ్ దించావనీ, నువ్వే శుభ్రం చేయబోతున్నావనీ మీ నాయన ఫోన్లో చెప్పాడు. మా తర్వాత ఆ పటాన్ని పట్టించుకునే మనిషి ఇంట్లో ఉందని ఎంత సంతోషం వేసిందో! అంతలోనే, ఏదో వీడియో చూసి ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ముక్కతో రుద్దుతావట అన్నాడు. ఇక నాకు రాత్రి నిద్రలేదు. ఎర్రగడ్డ వద్దు, ఉర్లగడ్డ (బంగాళాదుంప) వద్దు, బ్రెడ్డు వద్దు, మెరుపు కోసం కొబ్బరినూనె అసలే వద్దు. తడిగుడ్డ కూడా తగలనివ్వొద్దు. ఈ ఒక్క మాట విన్నావంటే మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు.

ఆ గోడకి ఒకప్పుడు రెండు పటాలుండేవి. రెండోది మా తాతది. మా మేనత్త పెళ్లికి ఇల్లు సర్దుతూ, పటాలు మసకబారాయని పటాలు కట్టే ఆయన్ని పిలిపించారు. ఆయన తాత పటాన్ని వసారాలో గోడకు ఆనించి, సబ్బునీళ్లు, స్పిరిట్, దూది పెట్టుకుని మొదలుపెట్టాడు. నేను బడి ఎగ్గొట్టి పక్కనే కూర్చుని చూస్తున్నా. రుద్దిన చోటల్లా దూదికి గోధుమరంగు అంటుకుంటోంది. ఎంత మురికో చూడండని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తాత ముఖం నిజంగానే తళతళలాడింది. కాసేపటికి ఒక దూది ఉండ ఎర్రగా వచ్చింది. అది మురికి కాదమ్మా, తాత కండువా అంచు. ఆయన దాన్ని కూడా మురికి దూది కుప్పలోనే పడేశాడు. సాయంత్రానికి కండువా మీద జరీ మెరుపు లేదు, బుగ్గ కింద నీడ లేదు, వేళ్ల మధ్య నీడలు పోయి చెయ్యి చెక్కముక్కలా మిగిలింది. ఆ ఏడు కార్తీకమాసం వానలకి రంగు పెచ్చులు లేవడం మొదలైంది. ముందు గడ్డం దగ్గర, తర్వాత నుదురు. పటం అటకెక్కింది. చివరికి చెదలకు పోయింది. జేజి పటం వంతు వచ్చేలోగా చీకటి పడింది కాబట్టి ఆమె మనకు దక్కింది.

ఎందుకట్టా అయిందో డ్రాయింగు మాస్టరు ట్రైనింగుకి వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు. కాన్వాసు గుడ్డకి ముందు జిగురు పూస్తారు, దానిమీద తెల్లటి పూత, ఆపైన అవిసెనూనెలో కలిపిన రంగులు. ఆ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అన్నిటికంటే పైన వార్నిష్. ఏళ్లు గడిచేకొద్దీ పసుపు, గోధుమ రంగుల్లోకి తిరిగేది ఎక్కువగా ఆ వార్నిషే. జరీ మెరుపూ, బుగ్గ నీడా చిత్రకారుడు ఆఖర్న పలచగా వేసినవి, వార్నిష్‌కి ఆనుకునే ఉంటాయి. స్పిరిట్‌కి రెంటికీ తేడా తెలియదు. ఇక నీళ్లు సన్నటి పగుళ్లలోంచి లోపలికి దిగితే జిగురు నానుతుంది, గుడ్డ ముడుచుకుంటుంది, రంగు పట్టు వదిలేస్తుంది. అది ఆరోజే కనపడదు, అదే నా భయం.

ఇంతకీ నువ్వు చేయాల్సింది చాలా కొంచెం. ముందు ఫోటోలు తీసుకో, వెనకవైపు కూడా. గది చీకటి చేసి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. ఎక్కడైనా రంగు లేచి నీడ పడితే బ్రష్షు కూడా తగిలించకుండా, బొమ్మ పైకి ఉండేట్టు బల్ల మీద పడుకోబెట్టు. రాలిన ముక్క ఉంటే కవర్లో దాచు. అంతా గట్టిగా ఉందనుకుంటేనే పటాన్ని కాస్త ముందుకు వంచి పట్టించి, మెత్తటి వెడల్పు బ్రష్షుతో పైనుంచి కిందికి తేలిగ్గా దుమ్ము దులుపు. ఈకల కుచ్చు వాడితే ఈనెలు పగుళ్లలో చిక్కుకుంటాయి. వెనకవైపు మూలల్లో చిన్న చెక్క చీలలు ఉంటాయి, వాటిని సుత్తితో కొట్టనివ్వకు. కొత్త ఫ్రేమ్ వేసేవాళ్లు కాన్వాసుని ప్లైవుడ్‌కి అంటిస్తామంటే అసలు ఒప్పుకోవద్దు.

పూజగదిలో లక్ష్మీ సరస్వతులున్నారే, అవి వేరు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి మొదలైన అచ్చు పటాల రకం అవి. కాగితం కాబట్టి వాటికీ తడి పనికిరాదు.

మళ్లీ తగిలించేటప్పుడు బాత్రూం గోడా, వానజల్లు కొట్టే తూర్పు గోడా వద్దు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల చెమ్మకి వెనకాల బూజు పడుతుంది. ఫ్రేము కింది మూలల వెనక రెండు కార్కు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. సాంబ్రాణి పొగ, దీపం మసి తగలని చోటు చూడు.

ఇంత చెప్పినా జేజి ముఖం మబ్బుగానే ఉంటుంది. ఉండనీ. వార్నిష్ తీయించాలనుకుంటే అది నేర్చినవాళ్ల పని. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో 1930 నుంచీ ఇలాంటి పనులకు ల్యాబొరేటరీ ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లాలో అక్కడ అడుగుదాం. అంత దూరమా అనకు, పెళ్లి చీరలకి వెళ్లే ఊరే కదా.

నీమీద కోపం కాదు తల్లీ. నీ చేతులు నెమ్మదైనవని నాకు తెలుసు. టార్చి వేసి తీసిన ఫోటోలు ముందు నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం ఒంగోల్లో పినాకిని రైలెక్కి వస్తాను. నిచ్చెన ఎక్కే పని మాత్రం నేనొచ్చేదాకా పెట్టుకోకు, ఆ ఫ్రేము ఇద్దరు పట్టుకునేంత బరువు.

పెద్దనాయన