టెక్ సందేహాలు: లినక్స్ ఫార్మాట్ కొట్టాక మొదలయ్యే తలనొప్పులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే పాట, "లినక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, అప్పట్నుంచి అది పనిచేయట్లేదు, ఇది పనిచేయట్లేదు" అని. మనోళ్లకి విండోస్ రోజుల నుంచి ఒక అలవాటుంది కదా, సిస్టమ్ కాస్త నెమ్మదించిందంటే చాలు సికింద్రాబాద్ సీటీసీకి పట్టుకెళ్లి ఫార్మాట్ కొట్టించుకు రావడం. లినక్స్‌కి ఆ వైద్యం అవసరం పడేది చాలా తక్కువ, నన్నడిగితే పదిసార్లలో తొమ్మిదిసార్లు అనవసరం. సరే, కొట్టేశారు కాబట్టి ఒక్క సంగతి చెప్పి జవాబుల్లోకి వెళ్తా. మీ ఫైల్స్, మీ సెట్టింగ్స్ అన్నీ హోమ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, సిస్టమ్ సరంజామా అంతా దాని బయట ఉంటుంది. హోమ్ ఉంచుకుని మిగతాది తుడిచేస్తే, రాకూడని పాత సెట్టింగ్స్ కొన్ని మీ వెంట వచ్చేస్తాయి, రావాల్సినవి కొన్ని బయటే ఉండిపోయి తుడిచిపెట్టుకుపోతాయి. మీ గొడవ ఈ రెండిట్లో ఏ రకమో తేలితే సగం పని అయిపోయినట్టే.

ఇంకోటి, కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి, పెద్దక్షరం కావాల్సిన చోట నేనే చెప్తా.

బోడుప్పల్ నుంచి ఒకరు: సార్, ఉబుంటు 22.04 తీసేసి లినక్స్ మింట్ 22 వేశాను. హోమ్ పార్టిషన్ ఫార్మాట్ చేయలేదు. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో ఒక్క బుక్‌మార్క్ కూడా లేదు. క్రోమ్ తెరిస్తే ఏదో కీరింగ్ అన్‌లాక్ చేయమంటోంది, నా పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. ఫాంట్లు, ఐకాన్లు కూడా తేడాగా ఉన్నాయి. మళ్లీ ఫార్మాట్ చేయమంటారా?

వద్దండీ బాబూ, మళ్లీ ఫార్మాట్ మాటెత్తకండి. మీ బుక్‌మార్కులు ఎక్కడికీ పోలేదు, మీ డిస్క్‌లోనే భద్రంగా ఉన్నాయి, కొత్త ఫైర్‌ఫాక్స్ వేరే చోట వెతుక్కుంటోంది అంతే. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ని స్నాప్ (ఉబుంటు వాళ్ల సొంత తరహా) ప్యాకేజీగా ఇస్తున్నారు, స్నాప్ అయితే దాని ప్రొఫైల్ హోమ్‌లో స్నాప్ అనే ఫోల్డర్, అందులో ఫైర్‌ఫాక్స్, అందులో కామన్, అందులో డాట్ మొజిల్లా అని లోపలెక్కడో ఉంటుంది. మింట్ వాళ్లు స్నాప్ వాడరు, వాళ్ల ఫైర్‌ఫాక్స్ నేరుగా హోమ్‌లో ఉన్న డాట్ మొజిల్లాలో చూస్తుంది, అక్కడ ఏమీ లేదు కాబట్టి కొత్త పెళ్లికొడుకులా ఫ్రెష్‌గా ఓపెన్ అయింది.

ముందు అప్‌డేట్ మేనేజర్‌లో ఫైర్‌ఫాక్స్‌ని లేటెస్ట్‌కి తెచ్చుకోండి, ఎందుకంటే పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌ది అయ్యుండి ఇప్పుడున్న ఫైర్‌ఫాక్స్ దానికంటే పాతదైతే "మీరు పాత వెర్షన్ తెరిచారు" అని అడ్డం పడుతుంది. తర్వాత ఫైర్‌ఫాక్స్ మూసేసి, ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాచి ఉన్న ఫోల్డర్లు బయటపడతాయి. ఇప్పుడున్న డాట్ మొజిల్లా పేరు మార్చి పక్కన పెట్టి, స్నాప్ లోపలున్న డాట్ మొజిల్లాని హోమ్‌లోకి కాపీ చేయండి. కాపీయే, కట్ కాదు. అప్పటికీ ఖాళీగానే తెరుచుకుంటే కంగారు పడకండి, అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని కొడితే ఉన్న ప్రొఫైల్స్ అన్నీ కనిపిస్తాయి, పాతదాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకుంటే సరి.

ఇక కీరింగ్, అంటే పాస్‌వర్డ్‌లు దాచే తాళం పెట్టె. అది మీ పాత లాగిన్ పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంది, మీరు కొత్త ఇన్‌స్టాల్‌లో వేరే పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారు, అందుకే తెరుచుకోవట్లేదు. పాతది గుర్తుంటే పాస్‌వర్డ్స్ అండ్ కీస్ అనే యాప్ తెరవండి, లేకపోతే సీహార్స్ అని ఇన్‌స్టాల్ చేసుకోండి, అందులో లాగిన్ అన్నదాని మీద రైట్ క్లిక్ చేసి పాస్‌వర్డ్ మార్చే ఆప్షన్‌లో పాతది ఒకసారి, కొత్తది రెండుసార్లు కొడితే ఆ గోల వదిలిపోతుంది. నెట్‌లో చాలామంది కీరింగ్స్ ఫోల్డర్ డిలీట్ చేసేయండి అని సలహా పారేస్తారు, చేస్తే పాప్-అప్ ఆగే మాట నిజమే గానీ క్రోమ్ తన పాస్‌వర్డ్‌లని ఎన్‌క్రిప్ట్ చేసిన కీ కూడా దాంతోనే పోతుంది, తర్వాత ఏడ్చినా రావు.

ఫాంట్లు, ఐకాన్ల సంగతికి నేను ఎప్పుడూ చెప్పేదే, సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ గ్రూప్స్‌లోకి వెళ్లి టెస్ట్ అని ఒక కొత్త యూజర్‌ని చేసి దాంట్లో లాగిన్ అవ్వండి. అక్కడ అంతా చక్కగా ఉంటే తప్పు సిస్టమ్‌ది కాదు, మీ పాత సెట్టింగ్స్‌ది. అక్కడ కూడా అలాగే ఉంటే మాత్రం డ్రైవరో ప్యాకేజో చూడాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏ కమాండూ కొట్టొద్దు. మీ కేసులో ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ పెట్టిన థీమ్, ఫాంట్ సెట్టింగ్స్ డాట్ కాన్ఫిగ్ లోపల డీకాన్ఫ్ ఫోల్డర్‌లో ఉండిపోయి ఉంటాయి. మీ అకౌంట్ నుంచి లాగౌట్ అయ్యి, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే వచ్చే నల్ల స్క్రీన్‌లో మీ పేరుతోనే లాగిన్ అయ్యి, ఆ డీకాన్ఫ్ ఫోల్డర్ పేరు మార్చండి. డెస్క్‌టాప్ నడుస్తుండగా మారిస్తే అది మళ్లీ పాతవే రాసేసుకునే ఛాన్స్ ఉంది. మొత్తం డాట్ కాన్ఫిగ్ పేరు మార్చేయాలని మాత్రం చూడకండి, మీ క్రోమ్ ప్రొఫైల్ ఉండేది కూడా అందులోనే.

ఉబుంటు 22.04 నుంచి 24.04కి ఇలాగే హోమ్ ఉంచుకుని మారిన వాళ్లకి ఎక్స్‌టెన్షన్లు పనిచేయకపోతే కారణం వేరే, గ్నోమ్ 45లో ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మార్చేశారు, 22.04లో ఉన్నది గ్నోమ్ 42, 24.04లో ఉన్నది 46. పాతవి ఎంత కుస్తీ పట్టినా లేవవు, కొత్త వెర్షన్లు వేసుకోవాల్సిందే.

అమీర్‌పేట నుంచి ఒక స్టూడెంట్: అన్నా, నేను మైత్రీవనం దగ్గర పైథాన్ ఫుల్ స్టాక్ కోర్స్ చేస్తున్నా. ఉబుంటు 24.04 ఫ్రెష్‌గా వేశా, హోమ్ అలాగే ఉంది. ప్రాజెక్ట్‌లో వీఎన్వీ యాక్టివేట్ అవుతోంది కానీ జాంగో లేదంటోంది, పిప్ కొడితే పిప్ కూడా లేదంటోంది. సుడో పెట్టి పిప్ కొడితే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అని ఎర్రర్. మైఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్ కూడా పోయింది. డెమో ఉందన్నా!

తమ్ముడూ, ముందు చెడ్డ వార్త చెప్పేస్తా. మైఎస్‌క్యూఎల్ డేటా హోమ్‌లో ఉండదు, వార్ కింద లిబ్ కింద మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఉంటుంది, రూట్ పార్టిషన్ ఫార్మాట్ చేశావు కాబట్టి అది పోయింది. డంప్ (డేటాబేస్ కాపీ) తీసుకుని ఉంటే సరే, లేకపోతే ప్రాజెక్ట్‌లో మైగ్రేషన్స్ ఫైల్స్ ఉంటాయి కదా, కొత్త డేటాబేస్ క్రియేట్ చేసి మైగ్రేట్ కొడితే టేబుళ్లు మళ్లీ వస్తాయి, లోపలి డేటా రాదు. డెమోకి నాలుగు రికార్డులు చేత్తో ఎక్కించుకో.

వీఎన్వీ (ప్రాజెక్ట్ కోసం విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) సంగతి మాత్రం బాగయ్యేదే. అసలేం జరిగిందంటే, ఆ ఫోల్డర్‌లో బిన్ లోపల ఉన్న పైథాన్ నిజమైన పైథాన్ కాదు, సిస్టమ్ పైథాన్‌కి ఒక లింక్ మాత్రమే. 22.04లో అది 3.10, ఇప్పుడు 24.04లో 3.12. కాబట్టి నువ్వు యాక్టివేట్ చేస్తే నడిచేది 3.12, అది తన ప్యాకేజీల కోసం లిబ్‌లో పైథాన్3.12 అనే ఫోల్డర్ వెతుకుతుంది, నీ జాంగో ఏమో పక్కనే పైథాన్3.10 ఫోల్డర్‌లో ఉంది, ఫైల్ మేనేజర్‌లో తెరిచి చూస్తే నీకే కనిపిస్తుంది. ఫోల్డర్ పేరు మార్చి మాయ చేద్దామని చూడకు, కొన్ని ప్యాకేజీలు 3.10కి కంపైల్ అయినవి ఉంటాయి, అవి పేలతాయి.

పైథాన్3-వీఎన్వీ (ఇంగ్లీష్‌లో వి, ఇ, ఎన్, వి) ప్యాకేజీ ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసి, పాత ఫోల్డర్‌ని ఉంచుకునే కొత్త పేరుతో ఇంకో వీఎన్వీ చెయ్యి, యాక్టివేట్ చెయ్యి. ఇప్పుడు పిప్ ఫ్రీజ్‌కి రెండు హైఫన్లు పెట్టి పాత్ అనే ఆప్షన్ ఇచ్చి, దాని తర్వాత పాత వీఎన్వీలో ఉన్న సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ అడ్రస్ ఇస్తే, పాతదాంట్లో ఏమేం ఉన్నాయో వెర్షన్లతో సహా లిస్ట్ ఇస్తుంది. దాన్ని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లోకి తోసి అక్కడ్నుంచి ఇన్‌స్టాల్ చేసుకో. మరీ పాత ప్యాకేజీలు ఏవైనా డిస్ట్‌యుటిల్స్ లేదని ఏడిస్తే, 3.12లో దాన్ని తీసేశారు, ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ వేసుకో.

సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, కొట్టిన పిప్‌కి వచ్చిన ఎర్రర్ నీ మంచికే. సిస్టమ్ వాడుకునే పైథాన్‌ని నువ్వు కెలకకుండా పెట్టిన కంచె అది. ఆ ఎర్రర్ కిందే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అని ఒక ఆప్షన్ కూడా చూపిస్తుంది, వాళ్లు పేరే అలా పెట్టారంటే అర్థం చేసుకో.

మల్కాజ్‌గిరి నుంచి: ఇంట్లో ఇద్దరం ఒకే సిస్టమ్ వాడతాం. ఈసారి హోమ్ ఉంచుకుని లినక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందు మా ఆవిడ అకౌంట్, తర్వాత నాది చేశాను. ఇప్పుడు ఇద్దరికీ లాగిన్ అవట్లేదు, పాస్‌వర్డ్ కొడితే మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వస్తోంది.

లినక్స్ పేర్లు చూడదు, నంబర్లు చూస్తుంది. ఉబుంటు, మింట్ లాంటివాటిలో మొదటి యూజర్‌కి 1000, రెండో యూజర్‌కి 1001. ఇదివరకు మీరు 1000, ఆవిడ 1001, ఇప్పుడు తారుమారైంది, అంటే మీ ఫైల్స్‌కి ఆవిడ ఓనర్, ఆవిడ ఫైల్స్‌కి మీరు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి ఆవిడ పేరుతో లాగిన్ అవ్వండి (ముందు చేసిన అకౌంట్ కాబట్టి సుడో పవర్ ఆవిడకే ఉంటుంది), సుడో, సీహెచ్ఓన్, హైఫన్ పెట్టి పెద్ద ఆర్, ఆవిడ యూజర్‌నేమ్, కోలన్, మళ్లీ అదే పేరు, చివర్లో ఆవిడ హోమ్ ఫోల్డర్ అడ్రస్. అలాగే మీ పేరుతో మీ ఫోల్డర్‌కి ఇంకోసారి. అడ్రస్ దగ్గర ఒట్టి స్లాష్ కొట్టి ఎంటర్ నొక్కారో, అప్పుడు నిజంగానే ఫార్మాట్ చేయాల్సి వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడిపే ఒకరు: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. సిస్టమ్ మళ్లీ వేశాక ప్రింటర్ కనిపిస్తోంది, ప్రింట్ ఇస్తే క్యూలోంచి వెళ్లిపోతోంది, పేపర్ మాత్రం కదలదు. హాల్ టికెట్ల సీజన్, గిరాకీ నిలబడి ఉన్నారు.

ఈ ప్రింటర్‌ది ఒక విచిత్రం, దీని ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్) దానిలో ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ పంపాలి. ఆ ఫర్మ్‌వేర్ హెచ్‌పీ ప్లగిన్‌లో ఉంటుంది, అది సిస్టమ్ వైపు ఉంటుంది కాబట్టి ఫార్మాట్‌తో పోయింది. నెట్ కనెక్ట్ చేసుకుని టెర్మినల్‌లో హెచ్‌పీ, హైఫన్, ప్లగిన్ అని కొట్టండి, డౌన్‌లోడ్ చేసి లైసెన్స్‌కి ఒప్పుకోమంటుంది. అయ్యాక సిస్టమ్ తనంతట తాను యాడ్ చేసుకున్న ప్రింటర్‌ని తీసేసి, హెచ్‌పీ-సెటప్‌తో మళ్లీ యాడ్ చేసి, ప్రింటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. తర్వాతెప్పుడైనా అప్‌డేట్‌లో హెచ్‌పీ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ హెచ్‌ప్లిప్ వెర్షన్ మారితే ప్లగిన్ కూడా దానికి సరిపోయేది మళ్లీ వేయాలి, పొద్దున షాపు తెరవగానే ప్రింట్ రాకపోతే ముందు అదే చూడండి.

కూకట్‌పల్లి నుంచి: మా అమ్మాయి బీటెక్ ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటు మళ్లీ వేశాక ఎన్విడియా డ్రైవర్ పెట్టాం, ఏదో పాస్‌వర్డ్ అడిగింది, రీస్టార్ట్ చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చింది, భయపడి కంటిన్యూ బూట్ నొక్కేసింది. డ్రైవర్ పనిచేయట్లేదు. పైగా పొద్దున పదింటికి విండోస్‌లో నాలుగున్నర చూపిస్తోంది. డీ డ్రైవ్‌లో ఉబుంటు నుంచి ఏమీ సేవ్ అవట్లేదు.

ఆ బ్లూ స్క్రీన్ చూసి భయపడనివాళ్లు తక్కువలెండి, విండోస్ మనందరికీ ఆ రంగు అంటేనే దడ పుట్టించింది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ముద్ర, అంటే డిజిటల్ సంతకం, లేని డ్రైవర్‌ని కెర్నల్ రానివ్వదు, ఆ ముద్రని నమ్ముతున్నానని మీరు చెప్పాల్సిన చోటు ఆ స్క్రీనే. టెర్మినల్‌లో సుడో, అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ, దానికి రెండు హైఫన్లతో ఎన్‌రోల్-కీ అని ఇవ్వండి, మళ్లీ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, ఒక కాగితం మీద రాసుకోండి, ఈ ఒక్కసారికే అది. రీస్టార్ట్ చేయగానే స్క్రీన్ ముందే ఉండండి, ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు టైమిస్తుంది, టీ పెట్టుకొచ్చేలోపు దాటిపోతుంది. ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్, ఈ వరుసలో వెళ్లండి.

టైమ్ ఐదున్నర గంటలు వెనక్కెళ్లిందంటే అది మన ఇండియా తేడానే. మదర్‌బోర్డ్ గడియారంలో లినక్స్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్, సెట్-లోకల్-ఆర్‌టీసీ, 1 అని కొడితే రెండూ రాజీపడతాయి. లినక్స్ వాళ్లకి ఈ పద్ధతి నచ్చదు, స్టేటస్ చూస్తే వార్నింగ్ ఇస్తుంది, మన దేశంలో గడియారం ముందుకీ వెనక్కీ జరిపే గొడవ లేదు కాబట్టి నాకైతే ఇబ్బంది కనిపించలేదు.

డీ డ్రైవ్‌కి కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ అంటే అది పూర్తిగా పడుకోదు, సగం హైబర్నేట్ అవుతుంది, అలాంటి డ్రైవ్ మీద రాస్తే డేటా పాడవుతుందని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి ఒకసారి మామూలుగా షట్‌డౌన్ చేయండి.

నారాయణగూడ నుంచి: తెలుగు టైపింగ్ పోయింది, పాత డాక్యుమెంట్లలో పోతన ఫాంట్ కూడా మారిపోయింది.

ఐబస్-ఎం17ఎన్, ఫాంట్స్-తెలు ఈ రెండు ప్యాకేజీలు వేసి, లాగౌట్ అయ్యి మళ్లీ రండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ అన్నీ కనిపిస్తాయి, మీ చేతికి అలవాటైంది ఎంచుకోండి. ఫాంట్స్-తెలుతో పోతన, వేమన రెండూ వస్తాయి. విడిగా డౌన్‌లోడ్ చేసుకున్న ఫాంట్లు ఉంటే మాత్రం ఇకమీదట సిస్టమ్ ఫోల్డర్‌లో కాకుండా హోమ్‌లోని డాట్ లోకల్, షేర్, ఫాంట్స్‌లో వేసి ఎఫ్‌సీ-క్యాష్ కొట్టండి, మళ్లీ ఫార్మాట్ కొట్టినా హోమ్‌తో పాటే ఉంటాయి.